పరీక్షలు — పత్రికలు

ప్రతి వేసవియందును పదవతరగతి పరీక్షలు మన పత్రికలకు రెండుమారులు పనిగల్పించును. పరీక్షాదినములలో ప్రశ్నపత్రము కఠినమైనదను ఆక్రందనము. ఫలితములనాడు ఉత్తీర్ణుల శాతము. ఈ రెంటి నడుమ ప్రశ్నపత్రమును చేతబట్టి ఆమూలాగ్రముగా చదివిన పత్రికారచయిత మిక్కిలి యరుదుగా గాన్పించును. పరీక్షలను విమర్శింపరాదని మేమనము. విమర్శయన్న పేరిట జరుగుచున్నది విమర్శ కాదనియే మా మనవి.

2022వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమునందు జరిగిన సంగతిని నిదర్శనముగా గైకొందము. ఆ యేడు పరీక్షకు గూర్చున్నవారు 6,15,908 మంది. ఉత్తీర్ణులు నూటికి 67.26. 2019లో ఈ శాతము 94.88 గా నుండెను. రెండు లక్షలకు మించిన బాలబాలికలు తప్పిరి. వెంటనే కొన్ని పత్రికలు ఇది ప్రభుత్వ వైఫల్యమనెను. మఱికొన్ని, దొంగవ్రాతలను అరికట్టుటయే యిందులకు హేతువనెను. శాతము పాలకుల జయాపజయములకు కొలబద్దయైనది గాని, పిల్లవాని చదువునకు గాలేదు.

ఆ పిల్లల చరిత్రమేమి? ఎనిమిదవ తరగతి ముగియకమునుపే 2020 మార్చిలో బడులు మూతపడెను. తొమ్మిదవ తరగతి బోధన బడిలో నవంబరునకు గాని మొదలుకాలేదు. పదవతరగతికి 2021 ఆగస్టు నడుమ తలుపులు తెఱచిరి. వారికి ముందటి రెండు జట్లవారు పరీక్ష లేకయే ఉత్తీర్ణులైరి. వీరికో, పూర్వమున్న 11 పత్రములకు మారుగా 7 పత్రములతో పరీక్ష జరిగెను. ఇట్టి భేదములుండగా 94ను 67తో పోల్చి ఒకరిని నిందించుట, ఒకరిని మెచ్చుట న్యాయమా? అదే ప్రశ్నపత్రమునకు ప్రకాశము జిల్లాలో నూటికి 78 మంది నెగ్గగా, అనంతపురము జిల్లాలో సగము మందియైనను నెగ్గలేదు. కాఠిన్యమంతయు పత్రమునందే యున్నచో ఈ యంతరమెట్లు కలిగెను?

పరీక్ష యను మాటకు అన్నివైపులనుండి చూచుట యని యర్థము. పరీక్షకుడు పిల్లవానిని చూచినట్లే, పత్రిక పరీక్షను చూడవలెను. అడిగిన ప్రశ్న పాఠ్యములో నున్నదా? అది జ్ఞాపకమును శోధించినదా, తెలివినా? ఇచ్చిన కాలములో మధ్యరకపు విద్యార్థి దానిని వ్రాయగలడా? ఏ విషయమున నెక్కువమంది తప్పిరి, ఆ విషయమునకు ఆ బడిలో ఉపాధ్యాయుడుండెనా? ఈ ప్రశ్నలు వేయుటకు శ్రమ కావలయును. కన్నీటి బొమ్మ నచ్చొత్తుటకు అక్కఱలేదు.

ఇంతకంటె ఘోరమైనది వేఱొకటి గలదు. పరీక్ష తప్పి ప్రాణము దీసికొన్న పిల్లల వార్తలను కొన్ని పత్రికలు లెక్కలుగట్టి, ఫొటోలతో, పెద్ద యక్షరములతో ప్రకటించుచున్నవి. అట్టి వార్తలను ప్రముఖస్థానమున వేయరాదనియు, విధానమును వర్ణింపరాదనియు భారత ప్రెస్ కౌన్సిలు 2019లోనే నియమములను స్వీకరించినది. తప్పుటయే చావునకు హేతువని పదేపదే చదివిన బాలునకు ఆ రెండును ఒక్కటిగా దోచుటలో వింతయేమి? మొదటి పుటలో కంటతడి, లోపలి పుటలలో ర్యాంకుల ప్రకటనలు! ఆ 2022లోనే ప్రభుత్వము పదవతరగతి ర్యాంకుల ప్రకటనలను నిషేధింపవలసివచ్చెననిన, పత్రికల స్వయంనియమము ఏపాటిదో చదువరులే యూహింతురు గాక.

ఆ యేడు తప్పినవారికి జూలై నెలలోనే మరల పరీక్ష జరిగినది. తప్పినవారి సంఖ్యకు దొరకిన పెద్దయక్షరములు ఈ వార్తకును దొరకవలసినవి; ఏలయన ఆనాడు ఆ యింటికి కావలసిన వార్త యిదియే.

పత్రికలు మారుటకు కాలము పట్టును. అంతవఱకు తల్లిదండ్రులు చేయదగినది గలదు. ఫలితముల నాటి పత్రికను పిల్లవానికంటె ముందు తాము చదువవలెను. పొరుగువాని మార్కులను ఇంట నెత్తరాదు. మఱల జరుగు పరీక్ష తేదీని ఆనాడే చెప్పవలెను. బిడ్డ మాటలు మాని మూలగూర్చున్నచో, ఒంటరిగా విడువక, 14416 సంఖ్యకు ఫోను చేసి సలహా యడుగుటకు సిగ్గుపడరాదు. మార్కుల పట్టిక ఒక్క సంవత్సరపు లెక్క మాత్రమే. ఆ మాట బిడ్డకు ముందుగా ఇంటివారి నోట వినబడవలెను.