కోసేసిన చివరి ముక్క

సినిమా మీద, కథ మీద విమర్శ రాస్తారు. నేను ఒక వాట్సాప్ వీడియో మీద రాస్తున్న. అది మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరి ఫోనుకు వచ్చే ఉంటుంది.

వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. ఇద్దరు బైక్ మీద వచ్చి ఒక పిల్లవాణ్ణి ఎత్తుకపోతారు. అంతే, అయిపోతుంది. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే సంస్థ తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీయించిన చిన్న చిత్రం. అసలు దాంట్లో ఆ ఇద్దరూ వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దించుతారు, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కోసేశారు. కోసినంక మంచి చిత్రం కాస్తా పుకారు అయింది.

2018లో ఇట్లాంటి పుకార్లు దేశమంతా తిరిగాయి. మన మహారాష్ట్రలోనే, ధూళే జిల్లా రాయిన్‌పాడలో జూలై 1న, ఆదివారం బజారు రోజు, భిక్ష అడుక్కొని బతికే సంచార జాతివాళ్లు ఐదుగురిని గ్రామపంచాయతీ గదిలో కొట్టి చంపారు. రెండు వారాలు కాకముందే కర్ణాటకలోని బీదర్ జిల్లాలో హైదరాబాద్ యువ ఇంజనీరు ఒకాయనను చంపారు. ఆయనతో ఉన్నవాళ్లు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారట! మొదటి ఊరి నుంచి కారులో తప్పించుకున్నారు గానీ, వాళ్ల వీడియో వాళ్లకంటే ముందే పక్క ఊరికి చేరింది.

ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఐదు చోట్లకే పంపేటట్టు చేసింది. నేను లెక్క వేసిన. అప్పుడు ఒక గ్రూపులో 256 మంది ఉండొచ్చు. ఐదు గ్రూపులంటే 1,280 మంది. మా ఊళ్లో అంతమంది లేరు.

ఇప్పుడు నా సంగతి. మా ఊరు భామ్రాగడ్ దగ్గర. పోయిన దసరా సెలవుల్లో వెంట్రుకలకు గిన్నెలిచ్చే మనిషి మా గల్లీకి వచ్చిండు. ఎవరో ఫొటో తీసి 'కొత్త మనిషి, జాగ్రత్త' అని గ్రూపులో పెట్టారు. నేను చదివి, ఆలోచించకుండా మూడు గ్రూపులకు పంపిన. పై గల్లీలో పోరగాళ్లు ఆయన్ని ఆపి ఆధార్ కార్డు అడిగారు. దాన్ని కూడా ఫొటో తీసి గ్రూపులో వేశారు. ఇంతలో మా అమ్మమ్మ పోయి, "ఈయన ఏండ్ల సంది వస్తుండు గదరా" అని గట్టిగా అరిస్తే వదిలేశారు. ఎవరూ ఆయన్ని కొట్టలేదు. కానీ ఆయన ముఖం, పుట్టిన తేదీ, ఊరు ఇప్పటికీ అందరి ఫోన్లలో ఉన్నయి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న చెప్పారు. గిన్నెలమ్మే మనిషికి ఆ హక్కు లేదని ఎక్కడా రాయలేదు.

నాన్న ఒప్పుకోలేదు. "వానాకాలం పర్లకోట నది వంతెన మీదికి వస్తే ఇక్కడికి ఎవరు వస్తరు? మనల్ని మనమే చూసుకోవాలె" అన్నడు. ఆ మాట నిజమే. అయితే చూసుకోవడం వేరు, చాటింపు వేయడం వేరు. అనుమానం వస్తే ఎదురుగా పోయి ఊరూ పేరూ అడగొచ్చు, పోలీస్ పాటిల్‌కు చెప్పొచ్చు. ఆయన ఆధార్ ఫొటో నా ఫోనులో ఉంటే ఏ పిల్లవాడికి కాపలా? దీనికి నాన్న జవాబు చెప్పలేదు.

నా మూడు గ్రూపుల్లో 'ఆయన దొంగ కాడు, ఫొటో తీసేయండి' అని రాసిన. ఇద్దరు బొటనవేలు గుర్తు పెట్టారు. ఫొటో మాత్రం ఉంది.

ఆయన మళ్లీ మా గల్లీకి రాలేదు. అమ్మమ్మ దువ్వుకున్న వెంట్రుకలను ఇప్పటికీ ఉండ చుట్టి చూరులో దోపుతనే ఉంది.