ఆరు చుక్కల విద్య

ఢిల్లీలో ఆర్.కె. పురము ఐదవ సెక్టారునందలి నేషనల్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్ భవనము మీదుగా పోవునపుడెల్ల, దృష్టిలోపమును ప్రత్యేకాంశముగా గైకొని, ప్రత్యేక విద్యలో బి.ఎడ్. పట్టమునకై శ్రమించు యువజనులు నా మనస్సున మెదలుదురు.

రెండేండ్ల ఆ చదువునందు గ్రంథస్థమైన మనోవిజ్ఞానముకన్న చేతివ్రేళ్లు నేర్చు పాఠమే నాకు మహనీయముగా దోచును. బ్రెయిలీ పలకలో దళసరి కాగితమును బిగించి, మొనదేలిన కలముతో కుడినుండి యెడమకు చుక్కలు పొడిచి, పిదప దానిని త్రిప్పి యెడమనుండి కుడికి చదువవలెను గనుక, చూపుగల విద్యార్థి ప్రతియక్షరమును అద్దములోని ప్రతిబింబమువలె భావించి వ్రాయవలసివచ్చును. మొదటి చుక్క ‘అ’. ఒకటియు మూడును కలిసిన ‘క’. 1951లో అంగీకృతమైన భారతి బ్రెయిలీ పుణ్యమున తెలుగు బాలుని ‘క’యు హిందీ బాలుని ‘క’యు నొక్కటే యగుట ఎంత ముచ్చట!

1992 నాటి చట్టము ప్రకారము భారత పునరావాస పరిషత్తు పట్టికలో పేరు నమోదైనవారే ఈ వృత్తికి అర్హులు; ఈ నియమము సమంజసమే. ఏలయన, చదువు వ్రేలు గట్టిగా నొత్తినచో చుక్క యణగిపోవును. బాలుని చూపుడువ్రేలిని పట్టి లాగక, మణికట్టుక్రింద గురువు తన చేతిని తేలికగా నుంచి, ఆ పంక్తి వెంట వానినే నడువనిచ్చుట బహుకాల సాధనచే గాని యలవడదు.