స్థానము వారి సత్యభామ

రంగముపై స్త్రీవేషమున నిలిచినవాడు పురుషుడని సభలో కూర్చున్న ప్రతివాడును ఎరుగును. ఎరిగియే టిక్కెట్టు కొని లోనికి వచ్చును. కావున వానిని మోసగించుట సాధ్యమును కాదు, అవసరమును కాదు. ఎరిగినదానిని తనంత తాను మరచునట్లు వానిని సమ్మతింపజేయుటయే స్త్రీపాత్రధారణమను విద్యలోని కీలకము. ఈ విద్యలో ఆంధ్ర నాటకరంగమున స్థానం నరసింహారావు గారిని మించినవారు లేరని పెద్దలు చెప్పుచుందురు. నా మట్టుకు, ఆ మాటలో అభిమానమున కన్న విచక్షణయే హెచ్చు కలదని తోచును.

ఆయన 1902 సెప్టెంబరు 23న బాపట్లలో జన్మించెను. 1920లో ఆ ఊరనే హరిశ్చంద్ర నాటకము ప్రదర్శింపవలసిన నాడు చంద్రమతి వేషధారి రాకపోవుటచే, ఇరువది యేండ్లైనను నిండని ఈ యువకుడు ఆ వేషమును తాను కట్టెను. ఆపద గడుపుటకై కట్టిన వేషమే ఆయనకు జీవితమయ్యెను. తరువాత తెనాలి రామవిలాససభ రంగమున వెలసిన సత్యభామ, చిత్రాంగి, రోషనార, దేవదేవి, మధురవాణి మొదలగు పాత్రలే ఆయన చరిత్ర.

స్త్రీలు రంగమెక్కని కాలమగుటచే పురుషులు స్త్రీవేషములు ధరించిరని చెప్పి ఊరకుండుట కొందరికి పరిపాటి. అది సగము మాట. కడప సీమలో పుట్టిన సురభి సమాజములలో స్త్రీలు తొలినాళ్ల నుండియు స్త్రీపాత్రలు ధరించుచునే యుండిరి. మరియొక వంక, కూచిపూడిలో సిద్ధేంద్రుని భామాకలాపము తరతరములుగా పురుషులు సాధనచేసి నిలిపిన విద్య. తెరపై నుండి జడను వ్రేలాడవైచి, విద్యలో తన్ను జయింపగలవాడు రావచ్చునని సత్యభామ పాత్రధారి పండితలోకమును సవాలుచేయుట అందలి సంప్రదాయము. ఆ జడ వెనుక నున్నది పురుషుడని తెలిసియు, దానిని సత్య జడగానే భావించిన ప్రేక్షకజనము మనది. ఆ ప్రేక్షకుల సంతతియే నాటకశాలలకు వచ్చినది.

ఇక విద్య మాట. పురుషదేహమునకు స్త్రీవేషమున భుజములే తొలి శత్రువులు. సవరము కట్టవచ్చును, వడ్డాణము బిగింపవచ్చును, ముఖమునకు రంగు పూయవచ్చును. భుజముల వెడల్పును మాత్రము ఏ నగయు కప్పజాలదు. మోచేతులను దేహమునకు చేరువగా నుంచుట, సభ కెదురుగా నిటారున నిలువక ఒక ప్రక్కకు ఓరగా నిలుచుట, అడుగు నిడివి తగ్గించుట, పైట సర్దుకొను వేళ చేతికి పని కల్పించుట – ఇవియన్నియు నేర్చుకొనదగిన మెలకువలు. చిక్కు వీనిని నేర్చిన తరువాతనే మొదలగును. అల్పనటుడు నేర్చినదానినెల్ల ప్రదర్శింపబూనును. నడుము త్రిప్పుటయు, కన్నులార్పుటయు మితిమీరి, స్త్రీ కాక స్త్రీని వెక్కిరించుచున్న పురుషుడు రంగముపై మిగులును. ఊరి పందిళ్లలో అట్టి వేషములకు ఈలలు మ్రోగుట మనలో పెక్కురు చూచినదే.

స్థానము వారి అభినయము దీనికి కేవలము భిన్నము. ఆయన స్త్రీలను గూర్చిన సామాన్యలక్షణములను గాక, ఒక్కొక్క స్త్రీని వేరువేరుగా పట్టుకొనెను. ముత్తరాజు సుబ్బారావు గారి శ్రీకృష్ణతులాభారములో భర్త తన ఆజ్ఞను దాటగలడా యని సత్యభామ అతిశయించి పాడెడి గీతము తెలుగువారికి సుపరిచితము. దానిని రచించినది స్థానము వారే. ఆ పల్లవిని ఆయన ఒక్క తీరున పాడి విడిచెడివారు కారు. మరల మరల అందుకొని, అందుకొన్నప్పుడెల్ల కొత్త భావము పలికించెడివారు. ఒక వాక్యములో నెన్ని భావములకు చోటుండును? చెలికత్తె వంక తిరిగి అన్నచో అది గర్వము. తనలో తానన్నచో అది తన్ను తాను ధైర్యపరచుకొనుట. రుక్మిణి తలపునకు వచ్చినచో అదే మాట అసూయ. చివర ఒక్క క్షణము తడబడినచో అదే ప్రశ్న నిజమైన ప్రశ్నయగును, దాటునేమో యను భయము తొంగిచూచును. పదాభినయములో సంచారి యని శాస్త్రజ్ఞులు చెప్పునది ఇదియే. వచ్చీరాని నటునికి వన్స్‌మోరు అనగా పద్యమును మరల పాడుటయే. స్థానము వారికి, ఆ పద్యమును మరియొక వైపునుండి చూపుట.

చిత్రాంగి దీనికన్న దుష్కరము. పావురము కొరకు వచ్చిన సారంగధరుని చూచి మోహించి, నిరాకరింపబడి, అతనిపైననే నేరము మోపు సవతితల్లి ఆమె. ప్రేక్షకుడు ఆమెను చూచినంతనే ఏవగించుకొనినచో నాటకము చచ్చును. జాలిపడినచో సారంగధరుడు చచ్చిపోవును. ఈ రెంటి నడుమ సన్నని త్రాటిపై నడువవలెను.

కాని నటునిగా ఆయనకు అసలు పరీక్ష మధురవాణి యని నా యభిప్రాయము. గురజాడ వారి నాటకమున ఆమెకు పద్యములు చాటు కావు, వ్యావహారిక వచనమే ఆయుధము. శ్రుతిపెట్టెయు, రాగమును తొలగిన తరువాత గూడ ఆ పాత్రను పండించుటకు మాట విరుపు కావలెను, విరామము ఎచట నుంచవలయునో తెలియవలెను. గానబలముచే నెగ్గుకొని వచ్చినవారు ఇచ్చట కూలుదురు. ఆయన నిలిచెను.

ఈ సంప్రదాయమునకు ప్రతిపక్షము లేకపోలేదు. బళ్లారి రాఘవ వంటి మహానటుడు స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, విద్యావతులైన స్త్రీలను రంగమునకు తెచ్చెను. ఆ వాదము న్యాయమైనది. కాలము దానినే గెలిపించినది. అయినను, ఒక పద్ధతి నిలువరాదనుటకును, ఆ పద్ధతిలో ఒకడు సాధించినది స్వల్పమనుటకును ఎంతో దూరమున్నది.

చలనచిత్రము వచ్చినది. తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలోనే లీలావతిగా సురభి కమలాబాయి నటించుటచే, వెండితెరకు స్త్రీవేషధారులతో పని లేదని మొదటనే తేలిపోయెను. నరసింహారావు గారు రాధాకృష్ణ (1939), సత్యభామ (1942) చిత్రములలో నటించిరి గాని, రంగస్థలమిచ్చిన కీర్తిలో పదవ వంతైనను తెర యీయలేదు. కారణము స్పష్టము. రంగమునకును సభకును నడుమ నున్న దూరమే ప్రేక్షకుని సమ్మతికి ఆస్కారము. కెమెరా ఆ దూరమును మ్రింగివేయును. పైగా పల్లవిని ఎన్నిమారులైన త్రిప్పుటకు ఫిల్ము చుట్ట ఒప్పుకొనదు.

ప్రభుత్వము 1956లో పద్మశ్రీ యిచ్చి ఆయనను గౌరవించెను. తన యనుభవములను నటస్థానము అను గ్రంథమున వ్రాసియుంచి, 1971 ఫిబ్రవరి 21న ఆయన పరమపదించెను. అంతకు ఐదేండ్ల ముందే, 1966లో, శ్రీకృష్ణతులాభారము చలనచిత్రముగా వెలువడినది. అందులో సత్యభామ జమున, గళము సుశీలది. తన నోట పలుకుటకై ఒక పురుషుడు కట్టుకొనిన ఆ పాట నేడు పెండ్లి పందిళ్లలో వినబడినప్పుడెల్ల, అది ఆ యిద్దరు స్త్రీల సొత్తని తలచి, జనులు తల లూపుచుందురు.