కోతవేళ అంబలి కాచిందెవరు?

'మంచులో వేటగాళ్ళు' బొమ్మ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. క్రిస్మస్ గ్రీటింగు కార్డుల మీద అచ్చయి దేశదేశాలు తిరిగిన బొమ్మ అది. వేసినవాడు ఫ్లెమిష్ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్, 1565లో. అదొక్కటే కాదు లెండి. ఆంట్వెర్ప్ నగరంలో నిక్లాస్ యోంగెలింక్ అనే సంపన్న వర్తకుడు తన ఇంటికోసం ఏడాది పొడుగునా కాలాలన్నిటినీ వేయించుకున్నాడు. రెండేసి నెలలకొకటి చొప్పున ఆరు బొమ్మలని చాలామంది పండితుల అభిప్రాయం. అచ్చం మన ఋతువుల లెక్కే! మిగిలినవి అయిదు. మూడు వియన్నాలో, ఒకటి ప్రాగ్‌లో, ఒకటి న్యూయార్క్‌లో ఉన్నాయి. పోయింది వసంతం.

మరుసటి ఏడే, 1566లో, స్నేహితుడి 16,000 గిల్డర్ల బాకీకి హామీగా ఆ వర్తకుడు తన దగ్గరున్న బ్రూగెల్ బొమ్మలు 16 నగరానికి తాకట్టు పెట్టాడు. వాటిలో ఇవీ ఉన్నాయి. నగలు తాకట్టుకెళ్ళడం మనకు తెలుసుగానీ, ఋతువులు తాకట్టుకెళ్ళడం ఎప్పుడైనా విన్నారా?

అంతకు ముందూ నెలల బొమ్మలు లేకపోలేదు. ప్రభువుల ప్రార్థన పుస్తకాల్లో నెలకో బొమ్మ వేసేవారు. ఒక పుటలో రైతు దున్నుతుంటే, ఇంకో పుటలో దొరలూ దొరసానులూ షికారు వెళ్ళేవారు. బ్రూగెల్ ఆ దొరల్ని పక్కకు తప్పించాడు. కొండమీద నిలబడి చూసినట్టు లోయంతా మన ముందు పరిచి, పనివాళ్ళ చేతికే ఏడాదిని అప్పగించాడు. ఆయన గొప్పతనం నాకక్కడే కనిపిస్తుంది.

వేటగాళ్ళనే చూడండి. మనకు వీపులు పెట్టి, తలలు వంచుకుని వస్తున్నారు. ముగ్గురు మనుషులు, అన్ని కుక్కలు, దొరికింది మాత్రం ఒక్క బక్క నక్క! వాళ్ళ ముఖాలు చూపించకుండానే ఆ నిరాశంతా చెప్పాడు. అటు కింద పిల్లలు గడ్డకట్టిన చెరువుమీద జారుతూ ఆడుకుంటున్నారు. కుడివైపు వంతెనమీద ఒకావిడ కట్టెలమోపు మోసుకుపోతోంది. వేట ఫలించినా ఫలించకపోయినా పొయ్యి వెలగాలి కదా!

ఎండుగడ్డి కోతల బొమ్మలో ముగ్గురు ఆడవాళ్ళు గడ్డి లాగే పళ్ళకర్రలు పట్టుకుని నడుస్తుంటారు. వాళ్ళలో ఒకమ్మాయి నేరుగా మనకేసి చూస్తుంది. ఎదురుగా పోయేవాళ్ళ ముఖాలు నెత్తిమీది బుట్టలచాటున పడిపోయాయి. ఇందరిలో ఆ ఒక్క చూపు మనల్ని పట్టి ఆపుతుంది.

అయితే నాకొక పేచీ ఉంది. గోధుమ కోతల బొమ్మలో చెట్టుకింద కూలీలు తింటున్నారు. రొట్టె ఉంది, గిన్నెల్లో అంబలి ఉంది. ఒకడు తిండి తిని, కాళ్ళు బారజాపి నిద్రపోతున్నాడు. మరి ఆ రొట్టె కాల్చిందెవరు? ఆ అంబలి ఏ పొయ్యిమీద కాగింది? మిగిలిన ఈ అయిదింటిలో ఎక్కడా మనం గడప దాటి లోపలికి వెళ్ళం. ఆడవాళ్ళ కష్టం కనిపించదనను. పొలంలోనూ దారిలోనూ కనిపిస్తుంది. ఇంట్లోకి అడుగుపెట్టాక మాయమైపోతుంది.

ప్రకృతి దృశ్యంలో వంటిల్లెలా వస్తుందని మీరనొచ్చు. ఎందుకు రాదూ? బ్రూగెల్‌కు సుమారు 150 ఏళ్ళ ముందు, లింబర్గ్ సోదరులు బెర్రీ ప్రభువుకు వేసిచ్చిన పుస్తకంలో ఫిబ్రవరి బొమ్మ ఉంది. చుట్టూ మంచు, మధ్యలో ఒక ఇల్లు. ఆ ఇంటి ముందుగోడ తీసేసి లోపల చలి కాచుకునేవాళ్ళని, ఆరేసిన బట్టల్ని కూడా చూపించారు. గోడ తీయడం తెలిసిన సంప్రదాయమే అది. బ్రూగెల్ ఆ గోడ మళ్ళీ కట్టేశాడు. లోయంతా కనబడాలంటే కొండెక్కాలి నిజమే. కొండమీదినుంచి చూస్తే ఇళ్ళు వట్టి కప్పులుగానే కనిపిస్తాయి.

ఇంత లోటున్నా ఈ బొమ్మల్ని నేను వదులుకోను. ఋతువంటే పూలూ వెన్నెలా మాత్రమే కాదు, ఆ రోజు చేయాల్సిన పని కూడా అని ఇంత నమ్మకంగా చెప్పినవాళ్ళు తక్కువ. ఈసారి ఆ వేటగాళ్ళ బొమ్మ మీ చేతికొస్తే, ముందు వంతెనమీది ఆవిణ్ణి వెతకండి. బొమ్మలో ఆవిడ వేలెడంత కూడా ఉండదు. ఆ మోపు ఏ ఇంటికి చేరుతుందో ఊహించడం మాత్రం బ్రూగెల్ మనకే వదిలేశాడు.