ధ్యానంలో పొంగుకొచ్చే దుఃఖం

విపశ్యన శిబిరంలో కూర్చున్నవారికి మూడో రోజో ఐదో రోజో కారణం తెలియకుండా ఏడుపు రావడం, ఎన్నడో మరిచిపోయామనుకున్న కోపం తిరగబెట్టడం, అర్ధరాత్రి భయంతో మెలకువ రావడం అరుదేమీ కాదు. మనశ్శాంతి కోసం వెళ్లినవారు ముందు దీనికే బెదిరిపోతారు. తమకు ధ్యానం చేతకాలేదని కొందరు, ఏదో గొప్ప మెట్టు ఎక్కామని మరికొందరు అనుకుంటారు. సంప్రదాయం దృష్టిలో రెండూ తొందరపాటే.

తిరువూరు వైపు నుంచి ఈ సాధనకు వెళ్లేవారికి చేరువలో ఉన్నది ఏలూరు దగ్గర విజయరాయిలోని ధమ్మ విజయ కేంద్రం. హైదరాబాద్ వనస్థలిపురం వైపు ధమ్మ ఖేత్త, నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున ఉన్నాయి. అన్నిచోట్లా పద్ధతి ఒక్కటే. బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకుని 1969లో భారతదేశానికి వచ్చిన సత్యనారాయణ గోయెంకా (1924–2013) దాన్ని ఇక్కడ నిలబెట్టారు. శిబిరం 10 రోజులు. తెల్లవారుజామున 4 గంటలకు గంట కొడతారు, రాత్రి 9కి రోజు ముగుస్తుంది. మధ్యలో దాదాపు 10 గంటలు ధ్యానమే. ఫోన్ లేదు, పుస్తకం లేదు, పక్కవారితో మాట లేదు. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర శ్వాసను గమనించే ఆనాపాన, నాలుగో రోజు నుంచి ఒళ్లంతా సంవేదనలను గమనించే విపశ్యన.

భావాలు పొంగడానికి సగం కారణం ఈ దినచర్యలోనే ఉంది. ఇంటి దగ్గర దిగులు పుడితే టీవీ పెట్టుకోవచ్చు, ఎవరికైనా ఫోన్ చేయవచ్చు, పనిలో పడిపోవచ్చు. శిబిరంలో ఆ దారులన్నీ మూసుకుంటాయి. మనసు అడుగున పేరుకున్న సంస్కారాలు, అంటే పాత రాగద్వేషాల ముద్రలు, పైకి వచ్చి కరిగిపోతున్నాయని విపశ్యన వివరిస్తుంది. నిద్ర తగ్గడం, సాయంత్రం మరమరాలు, పండు, టీ వంటి వాటితో సరిపెట్టుకోవడం, రోజుల తరబడి మౌనం కూడా మనసును మెత్తబరుస్తాయి. ప్రతి కన్నీటి చుక్కనూ పాత సంస్కారం ఖాతాలో వేయనక్కర్లేదు.

అధిష్ఠానమనే గంటలో అసలు పరీక్ష ఎదురవుతుంది. నాలుగో రోజు తర్వాత రోజుకు మూడుసార్లు, గంటసేపు కాళ్లూ చేతులూ కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవాలి. మామిడి తోట కౌలు డబ్బు ఎగ్గొట్టిన బంధువు అప్పుడే గుర్తొచ్చాడనుకుందాం. నిమిషంలో అతనితో మనసులోనే వాదన మొదలవుతుంది, ‘నువ్వన్నదేమిటి, నేనన్నదేమిటి’ అంటూ. ఆ కథలో దిగవద్దని, కోపాన్ని తోసేయనూ వద్దని సూచన. మనసులో కోపం ఉందని ఒప్పుకుని, దృష్టిని ఒంటి మీదికి తేవాలి: దవడ బిగిసింది, ఛాతీలో వేడి పుట్టింది, శ్వాస పొట్టిదయింది. ఆ వేడి పెరుగుతుందో తగ్గుతుందో చూస్తూ ఉండాలి. వాదనకు అంతు లేదు కానీ వేడి కాసేపటికి మారుతుంది. ‘అనిత్యం’ అన్న మాట పుస్తకంలోంచి ఒంట్లోకి దిగేది అక్కడే.

అలా చూడడం సాధ్యం కానంత ఉద్ధృతంగా భావం వస్తే వెనక్కి తగ్గాలి. ఒళ్లంతా చూడడం ఆపి శ్వాస దగ్గరికి రావచ్చు, కావాలంటే కాస్త గట్టిగా పీల్చి వదలవచ్చు. ఛాతీ, తల వదిలేసి అరచేతుల్లో, అరికాళ్లలో ఉన్న సంవేదనను మాత్రమే చూడడం మరో మార్గం. అదీ కుదరకపోతే ఆచార్యుడికి చెప్పాలి. మధ్యాహ్న భోజనం తర్వాత ఆయనతో విడిగా మాట్లాడే వీలుంటుంది, అత్యవసరమైతే శిబిరంలో సేవ చేసే ధర్మసేవకుడికి ఏ వేళైనా చెప్పవచ్చు. మౌనవ్రతం తోటి సాధకులతోనే, ఆచార్యుడితో కాదు. కొత్తవారిలో చాలామంది ఈ తేడా గ్రహించక, అడగాల్సినప్పుడు కూడా నోరు కట్టుకుని బాధపడతారు.

ఒకే మందు అందరికీ పనికిరాదని బౌద్ధ గ్రంథాలకు మొదటినుంచీ తెలుసు. మజ్ఝిమ నికాయంలోని వితక్కసంఠాన సుత్తం పీడించే ఆలోచనలకు ఐదు ఉపాయాలు చెబుతుంది. మొదటిది, చిన్న చీలతో పెద్ద చీలను కొట్టి తీసే వడ్రంగిలా, చెడు తలపును మంచి తలపుతో మార్చడం. తర్వాతివి దాని కీడును తలచుకోవడం, పట్టించుకోకుండా వదిలేయడం, మూలాన్ని నిదానింపజేయడం. పళ్లు బిగబట్టి అణచడం అన్నిటికన్నా చివరిది. సంయుత్త నికాయంలోని వేసాలి సుత్తంలో మరింత కఠినమైన ఉదంతం ఉంది. శరీరం అశుభమని ధ్యానించిన భిక్షువుల్లో కొందరు తమ దేహాన్నే అసహ్యించుకుని ప్రాణాలు తీసుకున్నారు. ఏకాంతం నుంచి తిరిగొచ్చిన బుద్ధుడు మిగిలినవారికి ఆనాపానసతి బోధించాడు. సాధన బెడిసికొడితే పట్టుదల పెంచమనలేదు, సాధననే మార్చాడు. పతంజలి కూడా చిత్తవిక్షేపాలకు తోడుగా వచ్చేవాటిలో దుఃఖాన్ని, దౌర్మనస్యాన్ని, అంగకంపాన్ని పేర్కొన్నాడు.

‘కేవలం గమనించు’ అన్న సలహాకు అందుకే ఒక హద్దుంది. పాశ్చాత్య దేశాల్లోని బౌద్ధ సాధకులను, గురువులను ప్రశ్నించి జారెడ్ లిండాల్, విల్లోబీ బ్రిటన్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో భయం, నిద్రలేమి, తనపై తనకే పరాయితనం వంటి అనుభవాలు నమోదయ్యాయి. శిబిరాల దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి అడిగేది అందుకే. గతంలో తీవ్ర మానసిక వ్యాధి వచ్చినా, మందులు వాడుతున్నా దాచకూడదు. డాక్టరును అడగకుండా మందు ఆపడం అన్నిటికన్నా ప్రమాదం.

ఇంటికి వచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమంటారు. అక్కడ ఆచార్యుడు పక్కన ఉండడు. దుఃఖం పొంగుతుంటే గంటను పావుగంట చేసుకుని, ఆనాపాన మాత్రం చేయవచ్చు. వేళకు తినడం, కంటినిండా నిద్రపోవడం, మనసు తెలిసినవారితో మాట్లాడడం సాధనకు భంగం కాదు. రాత్రులు నిద్ర పట్టకపోయినా, లేని మాటలు వినిపించినా, చావు తలపులు వచ్చినా ధ్యానం ఆపేసి వైద్యుణ్ణి కలవాలి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.