అభిజ్ఞానం లేని మరుపు: అల్జీమర్స్ కథనాల నిర్మాణంపై ఒక పరిశీలన

మన కథాసంప్రదాయంలో మరుపు సాధారణంగా తొలగిపోయేది. కాళిదాసు నాటకంలో దుర్వాసుని శాపం దుష్యంతుని స్మృతిని కప్పివేస్తుంది, చెరిపివేయదు. జాలరికి దొరికిన ఉంగరం రాజు కంటపడగానే పోయిందనుకున్నదంతా తిరిగివస్తుంది. (నన్నయ ఆదిపర్వంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు, అక్కడి రాజు ఎరిగి ఉండీ ఎరుగనంటాడు.) తలకు దెబ్బ తగిలి గతాన్ని మరచిన కథానాయకుడు మరో దెబ్బతో కోలుకునే సినిమాలు కూడా ఆ ఉంగరం కథకు దూరపు చుట్టాలే. అల్జీమర్స్ వ్యాధి ఈ నిర్మాణానికి లొంగదు. ఇందులో నాడీకణాలే క్రమంగా నశిస్తాయి. ఆనవాలు దొరికినా దాన్ని పోల్చుకోగల మనసు మిగలదు. అలాంటప్పుడు కథ దేనిని ఆధారం చేసుకుని ముగియాలి? ఈ ప్రశ్నతో మూడు చలనచిత్రాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. తెలుగులో వృద్ధుల మరుపును ‘చాదస్తం’ అనేసి సరిపెట్టుకోవడం అలవాటు. ఆ మాట వ్యాధిని స్వభావంగా మార్చివేస్తుంది. చెప్పిందే చెప్పే తల్లిపై విసుగుకు అది అనుమతి పత్రం. అయితే 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ వివరించిన తొలి రోగి అగస్టె డేటర్ ఆసుపత్రిలో చేరేనాటికి ఆమె వయసు 51 ఏళ్లే. వ్యాధి చరిత్ర మొదలైందే ముసలితనం కాని వయసులో.

బ్లెస్సీ దర్శకత్వం వహించిన మలయాళ చిత్రం ‘తన్మాత్ర’ (2005) నాయకుడు రమేశన్ నాయర్ కూడా నడివయసువాడే, సచివాలయ ఉద్యోగి. ఆఫీసు ఫైలు ఇంటి ఫ్రిజ్‌లో దొరకడంతో మొదలయ్యే పతనాన్ని మోహన్‌లాల్ నటన చాలా సంయమనంతో చూపింది. కానీ ముగింపు దగ్గర చిత్రం ధైర్యం చాలక వెనుకంజ వేసిందని నా అభిప్రాయం. తండ్రి కలగన్న సివిల్ సర్వీసు విజయాన్ని కొడుకు సాధిస్తాడు. తండ్రిలో పోయినది కొడుకులో దొరుకుతుంది. ప్రేక్షకుడికి ఉంగరం మరో రూపంలో ముట్టింది. పిల్లల విజయం తండ్రి మనసు శిథిలం కావడానికి పరిహారమవుతుందా అన్న ప్రశ్న మాత్రం అడగకుండానే మిగిలిపోయింది.

ఫ్లోరియాన్ జెల్లెర్ తన 2012 నాటి నాటకం ఆధారంగా తీసిన ‘ది ఫాదర్’ (2020)లో ఆనవాలు ఒక చేతిగడియారం. దాన్ని సంరక్షకురాలే దొంగిలించిందని ఆంథొనీ ఆరోపిస్తాడు. నిజానికి తానే స్నానాలగదిలో దాచాడు. గడియారం దొరుకుతుంది, కాలం మాత్రం దొరకదు. ఇంట్లో సామాను చెప్పకుండా మారుతుంది, కూతురి పాత్రలో మరో నటి ప్రవేశిస్తుంది. ఏది వాస్తవమో తేల్చుకోలేని స్థితి ప్రేక్షకుడిది కూడా అవుతుంది. రోగిని బయటినుంచి చూసి జాలిపడే సౌకర్యాన్ని జెల్లెర్ మనకు మిగల్చలేదు. అభిజ్ఞాన కథను ఇంత నిర్దాక్షిణ్యంగా తలకిందులు చేసిన చిత్రం ఈ మూడింటిలో ఇదే.

సుమిత్రా భావే, సునీల్ సుక్‌థంకర్‌ల మరాఠీ చిత్రం ‘అస్తు’ మరో తోవ తొక్కింది. విశ్రాంత సంస్కృతాచార్యుడు చక్రపాణి శాస్త్రి కారులోంచి దిగి ఒక ఏనుగు వెంట వెళ్లిపోతాడు. మావటి భార్య చెన్నమ్మ అతణ్ని ఆదరిస్తుంది. అతడామెను అమ్మా అంటాడు. అతని పాండిత్యం ఆమెకు తెలియదు కనుక, అది పోయిందన్న దుఃఖమూ ఆమెకు లేదు. కూతురు ఇరాకు కనిపించేది ఒకప్పటి తండ్రి శిథిలం. చెన్నమ్మకు కనిపించేది ఆకలిగొన్న మనిషి. గుర్తుపట్టకుండానే అక్కున చేర్చుకోవచ్చునన్నది ఈ చిత్రం కనుగొన్న విషయం. ఉంగరం అవసరమే రాలేదు. అయితే చెన్నమ్మది కొద్దిసేపటి సంరక్షణ, ఇరాది ఏళ్ల తరబడి సాగేది. ఈ తేడాను తక్కువచేసి, పేద స్త్రీ మాతృత్వాన్ని ఆదర్శంగా నిలపడంలో ఒక ప్రమాదముంది: సేవ ఎప్పటిలాగే స్త్రీల సహజగుణంగా లెక్కకు వస్తుంది.

మూడు చిత్రాల్లోనూ రోగి చదువుకున్న పురుషుడే కావడం గమనార్హం. పోగొట్టుకున్న పాండిత్యం ఎంత పెద్దదైతే విషాదం అంత పెద్దదన్న లెక్క దీని వెనుక ఉన్నట్లుంది. 2023లో ప్రచురితమైన జాతీయస్థాయి అంచనా ప్రకారం 60 ఏళ్లు పైబడిన భారతీయుల్లో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది, డిమెన్షియాతో జీవిస్తున్నారు. ఆ శాతం పురుషుల్లోకంటే స్త్రీలలో, పట్టణాల్లోకంటే గ్రామాల్లో ఎక్కువ. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులపై సువర్ణ అల్లాడి బృందం జరిపిన అధ్యయనం (2013) ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్లు చూపింది. నిరక్షరాస్యుల్లోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ మాట్లాడుతూ బతికిన, బడి ముఖం చూడని స్త్రీ మెదడుకూ తనదైన సంపద ఉందన్నమాట. విత్తనాల కాలం, పురుడు పోసే పద్ధతి, ఇంటింటి చుట్టరికాల వరస ఆమె మరచిపోతే పోయేదేమిటో చెప్పాలంటే, ఆమె ఏమి ఎరిగినదో ముందు కథకుడికి తెలియాలి.