‘అంటరాని వసంతం’ నవల: కరువు, కులం, క్రైస్తవం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

తెలుగు సమాజంలో క్రైస్తవం గురించి రెండు వాదాలు తరచుగా వినిపిస్తాయి. ఆకలిని ఆసరా చేసుకొని మిషనరీలు మతం మార్చారన్నది మొదటిది. దళితులకు చదువును, వైద్యాన్ని, ఆత్మగౌరవాన్ని ఇచ్చింది చర్చియేనన్నది రెండవది. జి. కళ్యాణరావు రచించిన ‘అంటరాని వసంతం’ (2000) ఈ రెండింటినీ పునఃపరిశీలించవలసిన అవసరాన్ని చూపుతుంది.

కరువు – మతస్వీకారం:

1876–78 నాటి ధాత కరువు ఒంగోలు, నెల్లూరు ప్రాంతాలతోపాటు నాటి బళ్లారి జిల్లాలో అంతర్భాగమైన అనంతపురాన్నీ కుదిపివేసింది. నవలలో శివయ్య, శశిరేఖ ఆకలితో బకింగ్‌హామ్ కాలువ పనికి వెళతారు. కులం వారిని అక్కడినుంచి తరిమివేస్తుంది. శివయ్య సైమన్‌గా మారే మార్గం అక్కడే మొదలవుతుంది. కాబట్టి ఆ మార్పు వెనుక ఆకలి ఒక్కటే కాక అవమానం కూడా ఉంది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని పని కల్పించాడు. కరువు సహాయం సాగుతున్న కాలంలో బాప్తిస్మాలను నిలిపివేశాడు. తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆకలికి ఇందులో పాత్ర లేదనలేము. అయితే దానినే ఏకైక కారణంగా చెప్పడం పేదవాడి నిర్ణయశక్తిని నిరాకరించడమే.

చర్చి – కులం:

చర్చి కులాన్ని నిర్మూలించిందన్న విశ్వాసమూ చరిత్ర ముందు నిలవదు. 18వ శతాబ్ది తొలిభాగంలో అనంతపురం పీఠభూమిలో ఫ్రెంచి జెసూయిట్లు సన్యాసి వేషధారణతో మతప్రచారం చేశారు. వారి వద్ద క్రైస్తవం స్వీకరించిన రెడ్డి కుటుంబాలు కులాన్ని వదులుకోలేదు. అనంతర కాలంలో గుంటూరు సీమకు వలస వెళ్లినప్పుడు మతంతోపాటు కులాన్నీ వెంట తీసుకువెళ్లాయి. అంటే ఒకే శిలువ కింద భూమి ఉన్నవారికి కులగౌరవం నిలిచింది. భూమి లేనివారికి కులభారం మిగిలింది. నవలలో ఇమ్మానుయేలు, జెస్సీ విప్లవోద్యమం వైపు నడవడానికి నేపథ్యం ఈ అసంపూర్ణతే.

నవలకున్న పరిమితి కూడా ఇక్కడే కనిపిస్తుంది. తరాల ప్రయాణాన్ని విప్లవం వైపు సాగే ఏకరేఖగా మలచడంవల్ల చర్చి ఒక మజిలీగా కుదించుకుపోతుంది. కాని కుటుంబ చరిత్రనంతా జ్ఞాపకంలో నిలిపిన రూతు వ్యక్తిత్వం ఆ రేఖకు లొంగదు.

ముగింపు:

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని బి.సి.–సి వర్గంలో చేర్చి 1 శాతం రిజర్వేషను కల్పించారు. మతం మారితే కులం పోతుందన్న భావన చట్టంలో నేటికీ నిలిచి ఉంది. శివయ్య కుటుంబ గాథ ఆ భావనను ఖండిస్తుంది. క్రైస్తవం దళితులకు అక్షరాన్ని ఇచ్చింది. భూమిని, సమానతను మాత్రం సాధించి ఇవ్వలేకపోయింది. ఈ రెండు సత్యాలనూ కలిపి చూడవలసిన బాధ్యతను ఈ నవల విమర్శకుల ముందుంచుతున్నది.